వేగు కాదు, వేగుచుక్క: ప్యాంగాంగ్ వెలుగుల కేసు

ఆకాశంలో వింత వెలుగు కనిపించిందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒక్కటే: "ఎంతసేపు కనిపించింది?" రంగూ ఆకారమూ తర్వాత. ఉల్క అయితే సెకన్లలో ఆరిపోతుంది. ఉపగ్రహం అయిదారు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. విమానమూ నిమిషాల వ్యవహారమే. కాగితపు లాంతరు ఎగిరితే పదీ ఇరవై నిమిషాలు. గంటల తరబడి ఉందీ అంటే అనుమానించాల్సినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగులుతాయి. ఈ ఒక్క జల్లెడలోనే చాలా ఫిర్యాదులు తేలిపోతాయి.

కొత్తవాళ్లకు ఈ పని నేర్పేటప్పుడు నేను ప్రతిసారీ ముందు పెట్టే కేసు లద్దాఖ్‌ది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా ప్యాంగాంగ్ సరస్సు మీద మన సైనికులకు కనిపించిన వెలుగులు. ఆ దర్యాప్తులో నేను లేను. బయటికొచ్చిన వివరాలు తీసుకుని, ఆ నెలల గ్రహస్థితులు నేనే మళ్లీ లెక్కగట్టుకున్నాను. కింద చెప్పే ఉదయాస్తమయాలు ఆ లెక్కలోవే, పది నిమిషాలు అటూ ఇటూ అనుకోండి.

చోటు గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే సగం కథ చోటులోనే ఉంది. ప్యాంగాంగ్ సముద్రమట్టానికి 4,200 మీటర్ల పైన ఉంది. పొడవు దాదాపు 135 కిలోమీటర్లు. అందులో పడమటి వైపు మూడో వంతు మన చేతిలో, మిగతాది చైనా చేతిలో. నడుమ వాస్తవాధీన రేఖ. అది ఎక్కడుందో రెండు దేశాలకూ ఒకే అభిప్రాయం లేదు. కాబట్టి థాకుంగ్ లాంటి పోస్టులో రాత్రి కాపలా ఉన్న జవాను చూపంతా తూర్పు వైపే ఉంటుంది. అతని ఉద్యోగమే అది. ఉప్పునీళ్ల సరస్సే గడ్డకట్టే చలి, ఊళ్ల దీపాలు లేని చీకటి, దుమ్మూ తేమా లేని పల్చటి గాలి. అక్కడి గాలి పీడనం తీరప్రాంతంతో పోలిస్తే ఇంచుమించు 60 శాతమే. ఇలాంటి ఆకాశం కోసమే లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున, భారత ఖగోళ భౌతిక సంస్థ రెండు మీటర్ల అద్దంతో టెలిస్కోపు పెట్టుకుంది. ఖగోళ శాస్త్రవేత్తలు ఏరికోరి వెతుక్కునే ఆకాశం కింద, ఖగోళంతో పనిలేని మనిషిని రాత్రంతా తూర్పుకేసి చూస్తూ నిలబెట్టాం. వెలుగులు కనిపించకపోతేనే వింత.

ఇక ఫైలులో ఏముందో చూద్దాం. పసుపుపచ్చని గోళాలు చైనా వైపు దిగంతం నుంచి లేస్తాయి. మెల్లగా ఆకాశంలో ప్రయాణిస్తాయి. మూడు నుంచి అయిదు గంటలు కనిపించి మాయమవుతాయి. అక్టోబరు నడిమికే ఇలాంటివి వంద దాటాయని పత్రికల్లో వచ్చింది. చివరికి తేలిన లెక్క 329. వాటిలో 155 సార్లు ఆ వెలుగు రేఖ దాటి మన వైపు వచ్చిందని నమోదైంది. చైనా నిఘా డ్రోన్లు అన్నది సహజంగా వచ్చిన అనుమానం. అలా అనుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. 2013 ఏప్రిల్‌లో లద్దాఖ్‌లోనే దెప్సాంగ్‌లో రెండు సైన్యాలూ మూడు వారాలు ఎదురెదురుగా డేరాలు వేసుకుని కూర్చున్నాయి. అలాంటి సరిహద్దులో లేస్తున్న వెలుగును చూసి "ఏదో చుక్కలే" అని పడుకునే కాపలావాడు మనకెందుకు?

సైన్యం చేయాల్సిందే చేసింది. కొండ మీదికి రాడార్ చేర్చారు. స్పెక్ట్రమ్ అనలైజర్ పెట్టారు, అంటే ఆ వస్తువు రేడియో తరంగాలు పంపుతుంటే పట్టుకునే పరికరం. రాడార్‌కు ఏమీ తగల్లేదు, అనలైజర్‌కు ఏమీ వినపడలేదు. మన డ్రోన్‌నే ఆ వెలుగు మీదికి పంపారనీ, అది అందుకోలేకపోయిందనీ అప్పటి కథనాలు చెప్పాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి. కంటికి అంత స్పష్టంగా కనిపించేది రాడార్‌కు కనిపించకపోతే రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. ఒకటి, అది రాడార్‌ను ఏమార్చే గొప్ప యంత్రం. రెండు, అది రాడార్ చూపుకు అందనంత దూరంలో ఉంది. శత్రువును దృష్టిలో పెట్టుకున్న మనసు మొదటిదాన్నే పట్టుకుంటుంది. నా అనుభవంలో "పరికరానికి దొరకలేదు" అనే మాట ఫైలులోకి చేరగానే కేసు బరువు పెరిగిపోతుంది. నిజానికి అది అనుమానాన్ని తగ్గించాల్సిన వాక్యం. రాడార్ లేదంటోంది, రేడియో లేదంటోంది, వెంబడిస్తే దగ్గరవడం లేదు. మూడూ ఒకే మాట చెబుతున్నాయి: దూరం. చిన్నప్పుడు చందమామ మన వెంటే నడిచొస్తున్నట్టు అనిపించేది కదా, డ్రోన్‌కు జరిగిందీ అదే. ఎంత ముందుకు పోయినా వెలుగు అంతే దూరంలో ఉంటుంది.

మరో పరీక్ష ఉంది, రూపాయి ఖర్చు లేనిది. రెండు కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు పోస్టుల నుంచి ఒకే నిమిషంలో ఆ వెలుగు దిక్కును దిక్సూచితో కొలవాలి. అది ఒక పోస్టుకు ఎదురుగా అయిదు కిలోమీటర్ల దూరంలో ఎగిరే డ్రోన్ అయితే రెండు కొలతలకూ ఇరవై డిగ్రీల పైగా తేడా వస్తుంది. గ్రహమైతే సున్నా. నేను నేర్పే చోట దీన్ని ముందే చెబుతాను, ఎందుకంటే దీనికి ఖగోళం తెలియాల్సిన పని లేదు.

పత్రికల ప్రకారం 2012 సెప్టెంబరులో ఒక ఖగోళ బృందం మూడు రోజులు అక్కడే ఉండి చూసింది. వెలుగులు వాళ్లకూ కనిపించాయి. అవి గ్రహాలు కావు, ఉల్కలు కావు అన్నది ఆ పరిశీలన సారాంశమని కథనాలు. ఈ ఒక్క వాక్యం ఎంత పని చేసి ఉంటుందో ఊహించుకోండి. తెలిసినవాళ్లే కాదన్నాక ఇక గ్రహం మాట ఎత్తేదెవరు? ఆ తర్వాత కొన్ని నెలలకు భారత ఖగోళ భౌతిక సంస్థ మళ్లీ రంగంలోకి దిగి, ఇది ఆకాశానిదా భూమ్మీదిదా అన్న ఒక్క ప్రశ్నే పెట్టుకుంది. ఆ వెలుగుల కదలికను నక్షత్రాలతో పోల్చి నమోదు చేయించారు. జవాబు తేలిపోయింది. సాయంత్రం ఆరుకు కనిపించి తెల్లవారుజామున అయిదు దాకా ఉండేది గురుడు. వేకువన నాలుగుకు వచ్చి పగలు పదకొండు దాకా ఉండేది శుక్రుడు. ఈ సంగతి 2013 జూలైలో పత్రికలకెక్కింది.

మన భాషలో దీనికి ఒక కొసమెరుపు ఉంది, ఇంకే భాషలోనూ కుదరదు. వేగు అంటే గూఢచారి. వేగుచుక్క అంటే తెల్లవారుజామున పొడిచే శుక్రుడు. అక్కడ వేగు అనుకున్నది వేగుచుక్కే.

ఇక నా లెక్కలు.

2012 జూన్ 6 ఉదయం దేశమంతా కళ్లద్దాలు పెట్టుకుని చూసిన శుక్ర అంతర్యానం గుర్తుందా? సూర్యబింబం మీద చిన్న నల్ల చుక్కలా పాకిన ఆ శుక్రుడే, తర్వాత సూర్యుడికి పడమటి పక్కకు జరిగి, తెల్లవారుజాము ఆకాశంలోకి వచ్చాడు. ఆగస్టు 15 నాటికి సూర్యుడికి దాదాపు 46 డిగ్రీల ఎడంలో, రాత్రి రెండు దాటగానే తూర్పున ఉదయిస్తున్నాడు. గురుడు మే నెలలో సూర్యుడి వెనక నుంచి బయటపడ్డాడు. ఆగస్టు మొదట్లో రాత్రి ఒంటిగంటకు ఉదయిస్తున్నాడు. అంటే ఆకాశంలో అత్యంత కాంతిగల రెండు గ్రహాలూ ఒకే సీజనులో, ఒకే దిక్కున, ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. నమోదు మొదలైంది ఆగస్టులో. ఇంతకంటే చక్కగా అతకదు.

గురుడి ఉదయకాలాలు వరుసగా రాసుకుంటే అసలు విషయం బయటపడుతుంది. ఆగస్టు 1న ఒంటిగంట. అక్టోబరు నడుమ రాత్రి ఎనిమిదిన్నర. డిసెంబరు 3న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజుకు సాయంత్రం అయిదు. 124 రోజుల్లో ఎనిమిది గంటలు ముందుకు, అంటే రోజుకు సుమారు నాలుగు నిమిషాలు. నక్షత్రాలన్నీ రోజూ నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల వచ్చే తేడా అది. ఏ దేశపు డ్రోన్ పైలటూ తన డ్యూటీని నాలుగు నెలలపాటు రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుపుకోడు. 329 నమోదుల్నీ ఒక గ్రాఫ్ కాగితం మీద, అడ్డంగా తేదీ, నిలువుగా కనిపించిన గంట పెట్టి చుక్కలు వేస్తే ఏటవాలు గీత ఒకటి లేచి కనిపించేది. నా ఉద్దేశంలో ఈ కేసు పరిష్కారమంతా ఆ కాగితంలోనే ఉంది. కొత్తగా ఏదీ కొలవక్కర్లేదు. కాపలావాళ్లు గంటలు రాసిపెట్టారు, బాగానే రాసిపెట్టారు. వాటిని 329 వేరువేరు సంఘటనలుగా చూశారు తప్ప ఒక వరుసగా చూడలేదు. యూనిట్లు మారుతుంటాయి, ఈ నెల కాపలావాడికి పోయిన నెల గంట తెలియదు. అందుకే ఎవరికీ తట్టలేదని నా అనుమానం.

ఇంకో చిన్న భాగహారం. ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా 212 రోజులు. 329ని 212తో భాగిస్తే రోజుకు ఒకటిన్నర. రోజూ వచ్చే అతిథులు ఇద్దరైతే, మబ్బు పట్టిన రాత్రులు తీసేస్తే, ఇంచుమించు అంతే రావాలి. దీన్ని రుజువు అనను. కానీ ఫైలు తెరవగానే చేయాల్సిన లెక్క ఇది. అక్కడే పెన్ను ఆగి ఉండేది.

దిక్కు చూద్దాం. ఆ చలికాలం గురుడు థాకుంగ్ అక్షాంశంలో ఉత్తరం నుంచి 64 డిగ్రీల దగ్గర, అంటే తూర్పు ఈశాన్యంలో లేస్తాడు. అది చైనా చేతిలో ఉన్న వైపే. డిసెంబరు మొదట్లో అసలు దిగంతం మీదికి అయిదుకు వచ్చినా, ఎదురుగా కొండ అంచు పది డిగ్రీల ఎత్తుంటే దాన్ని దాటడానికి మరో యాభై నిమిషాలు పడుతుంది. ఆరుకు కనిపించాడన్న నమోదు అలా సరిపోతుంది. డిసెంబరు రెండో వారానికి పడమటి కొండల చాటుకు పోవడం తెల్లవారుజామున అయిదు ప్రాంతానికి జరుగుతుంది. శుక్రుడు నవంబరంతా మూడున్నరకూ నాలుగుంపావుకూ మధ్య ఉదయిస్తున్నాడు.

పదకొండు గంటల సంగతి మాత్రం నన్ను మొదట ఇబ్బంది పెట్టింది. పగటిపూట గ్రహమా? లెక్కగడితే నవంబరు చివర శుక్రుడు దక్షిణాన నడినెత్తి గీత దాటేది ఉదయం పదింటికి కాస్త ముందు. పదకొండుకు ఇంకా చాలా ఎత్తులోనే ఉన్నాడు. నక్షత్రాలన్నిటిలోకీ కాంతిగల సిరియస్ కంటే దాదాపు పది రెట్ల కాంతి. 4,200 మీటర్ల మీద ఆకాశం ముదురు నీలం. చీకట్లో పట్టుకున్న చుక్కను కన్ను తిప్పకుండా వెంబడిస్తే పగటి వెలుగులోనూ పోగొట్టుకోనక్కర్లేదు. మైదానాల్లో నేనూ ఇలా ప్రయత్నించాను, ఎనిమిదిన్నర దాటాక పోగొట్టుకున్నాను. పదకొండు దాకా పట్టుకున్న ఆ కాపలావాడెవరో గాని ఓపికకు దండం పెట్టాలి. ఈ వార్త వచ్చినప్పుడు జవాన్ల మీద జోకులు పేలాయి. వాళ్ల నమోదు లేకపోతే కేసు తేలేదే కాదు.

"రేఖ దాటింది" అన్న 155 నమోదుల మాటేమిటి? సాయంత్రం అవతలి కొండ మీద కనిపించిన వెలుగు, మూడు గంటల తర్వాత దాదాపు 45 డిగ్రీలు జరిగి సగం ఆకాశం ఎక్కేస్తుంది, చూసేవాడికి నెత్తి మీదికొచ్చినట్టే అనిపిస్తుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కదా. మూడు నుంచి అయిదు గంటల "ప్రయాణం" అంటే 45 నుంచి 75 డిగ్రీలన్నమాట. దూరం తెలియనప్పుడు కింద ఉన్న నేలతోనే కొలుచుకుంటాం. కొండ మీదున్నది నెత్తి మీదికొచ్చిందంటే మ్యాపులో అది సరిహద్దు దాటినట్టే. తప్పు కంటిది కాదు. దూరం కొలవకుండా మ్యాపు మీద గీత గీయడంలో ఉంది.

ఎత్తు విషయంలో మనుషుల అంచనా ఎంత దారుణమో నేను స్వయంగా దెబ్బతిని నేర్చుకున్నాను. చాన్నాళ్ల కిందట ఒకాయన "సరిగ్గా నడినెత్తి మీద" అన్నాడు. ఆ గంటకు అక్కడ ఏ గ్రహమూ లేదు కనక గ్రహం కాదని తేల్చి, వారం రోజులు విమానాల దారులు వెతికాను. చివరికి ఆయన పక్కనే నిలబడి చూపించమంటే ఆయన వేలు యాభై డిగ్రీల దగ్గరే ఆగింది. గురుడున్న చోటే. తల కాస్త ఎత్తి చూడాల్సి వస్తే చాలు, మనకది నడినెత్తే. అప్పటి నుంచి ఎత్తు అడగను, చెయ్యి చాచి పిడికిలి పెట్టి కొలవమంటాను. ఒక పిడికిలి పది డిగ్రీలు.

కన్ను చేసే మరో మోసం కూడా ఈ ఫైలు చదివేవాళ్లు గుర్తుంచుకోవాలి. చిమ్మచీకట్లో ఒంటరి వెలుగును కన్నార్పకుండా చూస్తే అది అటూ ఇటూ ఊగినట్టు, ఒక్కోసారి ఎగిరినట్టు అనిపిస్తుంది. పక్కన ఆనవాలు లేక మెదడు తడబడుతుంది. దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు గాలి పొరలు వెలుగును పసుపుపచ్చగా చేసి వణికిస్తాయి కూడా. ఈ రెండింటికీ మందు ఒకటే: పక్కనున్న చుక్కను చూడటం.

శాస్త్రవేత్తలు చేయించింది కూడా అదే. ఆ చలికాలం గురుడి పక్కన అయిదు డిగ్రీల ఎడంలో రోహిణి ఉంది, నారింజ రంగు చుక్క, గుర్తుపట్టడం తేలిక. వెలుగూ రోహిణీ రాత్రంతా ఒకే ఎడంతో కలిసి ప్రయాణిస్తే అది ఆకాశానిది. వారం తర్వాత చూస్తే ఆ ఎడం కాస్త మారితే నక్షత్రం కూడా కాదు, గ్రహం. అప్పుడు గురుడు వారానికి ఒక డిగ్రీ, అంటే రెండు చంద్రబింబాల మేర, వెనక్కి జరుగుతున్నాడు. అక్టోబరు 4 నుంచి జనవరి 30 దాకా వక్రగతి. ఆ ఏటి నందన నామ సంవత్సర పంచాంగం తిరగేస్తే గురుడు వృషభంలో ఉన్నాడనీ, వక్రించాడనీ కనిపిస్తుంది. పెళ్లి ముహూర్తాలకు చూసే పుస్తకంలో ఆ వెలుగు చిరునామా ఉందన్నమాట. దీన్ని హాస్యానికి అనడం లేదు. సరిహద్దు పోస్టుల్లో నెలకో పేజీ గ్రహస్థితి పట్టిక గోడకు అంటిస్తే చాలని నేను నిజంగానే అనుకుంటాను.

ఫిబ్రవరితో నమోదులు ఆగడాన్ని కొందరు రుజువుగా చూపిస్తారు. శుక్రుడు ఆ నెలలో సూర్యకాంతిలోకి దిగిపోతున్నాడు, మార్చి 28కి సూర్యుడి అవతలికి వెళ్లాడు, కాబట్టి వెలుగు మాయమైంది అని. నేను ఆ వాదన వాడను. లెక్క అక్కడితో కట్టేశారు కాబట్టి ఆగి ఉండొచ్చు. పైగా గురుడు ఫిబ్రవరిలోనూ సాయంత్రం నడినెత్తి దగ్గర ధగధగలాడుతూనే ఉన్నాడు. అప్పుడు ఆయన కొండ మీద నుంచి లేవడం లేదు, అంతే. చీకటి పడేసరికే ఎత్తున ఉన్నదాన్ని ఎవరూ చొరబాటుదారుగా చూడరు.

కేసు ముగించేటప్పుడు నేను ఫ్రాన్స్ వాళ్ల వర్గీకరణ వాడతాను. అక్కడి అంతరిక్ష సంస్థలో 1977 నుంచి దీనికోసమే ఒక విభాగం ఉంది. కచ్చితంగా తేలితే ఏ, బహుశా తేలితే బి, సమాచారం చాలకపోతే సి, సమాచారం ఉన్నా తేలకపోతే డి. ప్యాంగాంగ్ మీద రాత్రి రాత్రికీ తిరిగి వచ్చిన ఆ రెండు వెలుగులకూ నా పుస్తకంలో ఏ పడింది. సెప్టెంబరు మూడు రోజుల పరిశీలనకు మాత్రం సి అని రాసుకున్నాను.